కారు ముక్కుకు వేలాడే ప్లగ్గు

నేను కెనడాల కొన్న మొదటి కారు ముక్కుకు ఒక వైరు వేలాడేది. ముందర జాలి సందులకెల్లి జానెడు బయటికొచ్చి, చివరకు మూడు పిన్నుల ప్లగ్గు. మన ఇంట్ల మిక్సీకి ఉంటది సూడు, అసొంటిదే. అమ్మినాయన కారు తాళం, కాయిదాలు చేతుల పెట్టిండు గని ఈ వైరు ముచ్చట చెప్పలే. నేనూ అడగలే. మూడు చేతులు మారిన పాత పెట్రోల్ కారు. ఎక్కడిదో వైరింగు ఊడొచ్చినట్టుంది అనుకున్న. చూడనీకి బాగలేదని లోపలికి నూకి, నల్ల టేపు చుట్టి, కనపడకుండ చేసిన. బీటెక్ చదివినోని తెలివి అది.

అప్పుడు అక్టోబర్ నెల. జనవరికి వచ్చేసరికి ఆ టేపే నా పాణం మీదికి తెచ్చింది.

మాది రాజన్న సిరిసిల్ల జిల్లాల ఒక పల్లె. బాపు ట్రాక్టర్ డ్రైవర్. నేను చదువుకోనీకి పోయింది విన్నిపెగ్. కెనడా నడిమిట్ల, కొండ గుట్ట అడ్డం లేని మైదానంల ఉంటది ఆ పట్నం. ఉత్తరం దిక్కుకెల్లి వచ్చే గాలికి అడ్డమే లేదు. చలికాలంల రాత్రిపూట మైనస్ 30 దాకా దిగుడు అక్కడ పెద్ద వార్త కాదు. మన దగ్గర 12 డిగ్రీలకే మంకీ క్యాపులు, చలిమంటలు బయటికొస్తయి. ఆడికీ ఈడికీ 40 డిగ్రీలు తేడా. మన ఎండాకాలానికీ, ఐసు గడ్డకూ నడుమ ఎంత తేడా ఉంటదో, మన చలికీ ఆ చలికీ నడుమ గూడ అంతే ఉంటదన్నట్టు.

ఆ రాత్రి ఏమైంది

కాలేజీ అయినంక నేను ఒక గోదాంల పార్ట్ టైం పని చేసేటోన్ని. ఆ రోజు షిఫ్టు అయిపోయేసరికి రాత్రి ఒంటిగంట. బయట మైనస్ 34. నాతోటి పనిచేసేటోళ్లు ఎవరి బండి వాళ్లు ఎక్కి పోయిన్రు. నేను లోపట సంచి వెతుక్కునుడుల పది నిమిషాలు లేటైన. పార్కింగుల నా కారు ఒక్కటే మిగిలింది.

తాళం తిప్పిన. ఇంజన్ ఊఁ... ఊఁ... అని ముసలి ఎద్దు లేవలేక మూలిగినట్టు మూలిగింది. మళ్ల తిప్పిన. ఇంకింత మెల్లగ మూలిగింది. నాలుగోసారికి టక టక అని సప్పుడు తప్ప ఏం లేదు. లైట్లు గూడ మసకబారినయి. బ్యాటరీ అయిపోయింది. దోస్తుకు ఫోన్ చేద్దామని తీస్తే 40 శాతం ఛార్జింగు ఉన్న ఫోను చేతులనే ఆరిపోయింది. చలికి ఫోన్ బ్యాటరీ గూడ అట్లనే చేస్తదని గప్పుడే తెలిసింది. గోదాం తలుపు ఎన్కకెల్లి తాళం పడింది. లోపటికి పోనీకి కార్డు పనిచేయలే. బస్సులు బంద్.

పావుగంట గడిచేసరికి చేతివేళ్లు నొప్పి పెట్టుడు ఆగిపోయింది. నొప్పి పోయింది కదా అని సంబురపడిన. అది సంబురపడే ముచ్చట కాదు. వేళ్ల కొసలు తెల్లగైనయి. ఇంకో అరగంట అట్లనే ఉంటే ఇవ్వాళ ఈ వ్యాసం టైపు చేయనీకి నాకు పది వేళ్లు ఉండకపోవు.

గోదాం ఎన్కదిక్కు సామాను దించనీకి ఒక లారీ వచ్చింది. డ్రైవర్ పంజాబీ ఆయన. నన్ను చూసి ముందు లారీ క్యాబిన్‌ల కూసోబెట్టి, చాయ్ ఫ్లాస్కు చేతికిచ్చిండు. ఆయనంక కారు దగ్గరికి పోయి, బానెట్ గూడ లేపకుండ, ముందర జాలి దగ్గర వంగి చూసి అడిగిన మొదటి మాట: "తమ్మీ, నీ వైరేది?"

నేను టేపు చుట్టి దాచిన వైరు చూపెట్టిన. ఆయన నవ్వలే, తిట్టలే. టేపు పీకి, తన లారీల ఉన్న లావు ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి, నా కారు ముక్కు ప్లగ్గును పార్కింగుల ఉన్న పొట్టి స్తంభానికి కలిపిండు. ఆ స్తంభాలకు కరెంటు సాకెట్లు ఉంటయి. మూడు నెలల నుంచి నేను ఆ స్తంభం పక్కనే కారు నిలుపుతున్న. క్రిస్మస్‌కు లైట్లు కట్టనీకి పెట్టిన్రనుకున్న!

రెండున్నర గంటలు ఆయన క్యాబిన్‌ల కూసున్న. ఆయనంక తన బూస్టర్ కేబుళ్లతోని నా బ్యాటరీకి ఆసరా ఇచ్చి తాళం తిప్పుమన్నడు. ఒక్క దెబ్బకు లేచింది. ఎండాకాలం పొద్దుగాల లేచినట్టు లేచింది. "పాజీ, ఇందాక ఎందుకు లేవలే?" అని అడిగిన. ఆయన చెప్పిన జవాబు మీదనే ఈ వ్యాసమంత. "ఇక్కడ బండి తాళం తిప్పినప్పుడు స్టార్ట్ కాదు. ప్లగ్గు పెట్టినప్పుడే స్టార్ట్ అయితది."

చలి ఇంజన్‌ను ఏం చేస్తది?

మూడు దిక్కులకెల్లి కొడతది.

మొదటిది ఆయిల్. చలికాలం పొద్దుగాల మన కొబ్బరినూనె సీసా చూడుర్రి. గడ్డకట్టి ఉంటది, ఎండల పెట్టాలె. ఇంజన్ ఆయిల్ అంత గడ్డకట్టదు గని, ఆ చలికి బెల్లంపాకం లెక్క చిక్కబడతది. ఇంజన్‌ల క్రాంకు, పిస్టన్లు ఆ పాకంల తిరగాలె. తిప్పెటందుకు మస్తు బలం కావాలె. పైగా చిక్కటి ఆయిల్ పైకి ఎక్కి భాగాలన్నిటికీ అందనీకి టైం పడతది. ఆ కొద్ది సేపు ఇనుము ఇనుముకు రాసుకుంటది. ఇంజన్ అరుగుదల స్టార్ట్ చేసేటప్పుడే ఎక్కువ అనేది గందుకే.

రెండోది బ్యాటరీ. బ్యాటరీల కరెంటు నిల్వ ఉంటదనుకుంటం గని, అసలు అది రసాయన చర్య. చలి పెరిగిన కొద్దీ ఆ చర్య మందగిస్తది. సున్నా డిగ్రీల దగ్గర మామూలు కారు బ్యాటరీ తన బలంల సుమారు మూడో వంతు కోల్పోతది. మైనస్ 18కి వచ్చేసరికి సగానికి పైగా పోతది. అంటే ఆయిల్ చిక్కబడి ఇంజన్ ఎక్కువ బలం అడిగే టైంకే, బ్యాటరీ దగ్గర బలం లేకుంట పోతది. పంట బాగా నీళ్లు అడిగే టైంకే బోరు ఎండినట్టు.

మూడోది ఇంధనం. పెట్రోల్ గడ్డకట్టదు గని, మండాలంటే ముందు ఆవిరి కావాలె. చల్లటి ఇనుము లోపల అది సరిగ ఆవిరి కాదు. డీజిల్ కథ ఇంకా కష్టం. డీజిల్ ఇంజన్‌ల స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగ ఒత్తితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలె. సిలిండర్ గోడలు ఐసు లెక్క ఉంటే ఆ వేడిని అవే మింగేస్తయి. దానికి తోడు డీజిల్‌ల సహజంగనే మైనం ఉంటది. చలి ముదిరితే ఆ మైనం తెల్లగ పేరుకొని ఫిల్టర్‌ను మూస్తది. గందుకే చలి దేశాలల్ల చలికాలానికి వేరే డీజిల్ అమ్ముతరు.

ఇది కెనడా ముచ్చటనే కాదు. మన లడఖ్‌ల గూడ ఇదే బాధ. మామూలు డీజిల్ అక్కడి చలికి గడ్డకడుతదని, 2019 నవంబర్‌ల ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పారే చలికాలం డీజిల్‌ను అక్కడికి తెచ్చింది. మన పోరగాళ్లు ఫౌజుల డ్రైవర్లుగ ఆ దిక్కు పోతనే ఉంటరు. వాళ్లను అడుగుర్రి, చెప్తరు.

మరి ఈ ప్లగ్గు ఏం చేస్తది?

దీని పేరు ఇంజన్ బ్లాక్ హీటర్. పేరు పెద్దగున్నది గని పని మనకు తెలిసిందే. బకెట్ నీళ్లు కాగబెట్టనీకి రాడ్డు పెడతం కదా, గదే. బకెట్ జాగల ఇంజన్ ఉంటది, అంతే తేడా.

ఇంజన్ బ్లాకును ఇసుక అచ్చులల్ల పోత పోస్తరు. పోత అయినంక లోపటి ఇసుక తీయనీకి బ్లాకుకు గుండ్రటి బొక్కలు ఉంటయి. వాటిని తర్వాత గుండ్రటి రేకు బిళ్లలతోని మూస్తరు. చలి దేశాలల్ల ఆ బిళ్లలల్ల ఒకటి తీసేసి, దాని జాగల చిన్న కరెంటు హీటర్ బిగిస్తరు. దాని మూతి ఇంజన్ చుట్టూ తిరిగే కూలెంట్‌ల మునిగి ఉంటది. దాని వైరు ముందర జాలి దాకా వస్తది. నేను టేపు చుట్టింది దానికే.

ప్లగ్గు పెడితే హీటర్ చుట్టుపక్కల కూలెంట్ వేడెక్కుతది. వేడెక్కిన నీళ్లు పైకి పోతయి, చల్లటియి కిందికి దిగుతయి. పంపు తిరగకున్నా అట్ల తనంతట తనే తిరుగుకుంట బ్లాకునంత గోరువెచ్చగ చేస్తది. బ్లాకు వెచ్చబడితే సిలిండర్ గోడలు వెచ్చబడతయి, లోపటి ఆయిల్ జర పలచబడతది. ఇంజన్ తేలిగ్గ తిరుగుతది. బ్యాటరీ మీద బరువు తగ్గుతది. ఇంధనం సరిగ మండుతది.

కార్ల హీటర్లు ఎక్కువగ 400 వాట్ల నుంచి 1000 వాట్ల నడుమ ఉంటయి. పెద్ద డీజిల్ బండ్లకు అంతకన్న ఎక్కువ. వీటిల రకాలు గూడ ఉన్నయి. ఆయిల్ ఉండే చట్టి కింద అతికించే మెత్త, బ్యాటరీ చుట్టూ కప్పే దుప్పటి, రేడియేటర్ పైపుల పెట్టేది. లాంగ్ రూట్ లారీలకైతే బండిల ఉన్న డీజిల్‌నే జర జర కాల్చి కూలెంట్ వేడిచేసే హీటర్లు ఉంటయి. రోడ్డు మీద ప్లగ్గు ఎక్కడ దొరుకుతది మరి!

కనిపెట్టింది కరెంటు సంఘం మనిషి

ఈ ముచ్చట తెలిసినంక నాకు మా సిరిసిల్ల యాదికొచ్చింది. విన్నిపెగ్ నుంచి దక్షిణానికి సరిహద్దు దాటి సుమారు 230 కిలోమీటర్లు పోతే అమెరికాల నార్త్ డకోటా రాష్ట్రం, గ్రాండ్ ఫోర్క్స్ పట్నం వస్తది. రెండు పట్నాలూ ఒకే నది ఒడ్డున ఉన్నయి, రెడ్ రివర్. ఆ గ్రాండ్ ఫోర్క్స్‌ల ఆండ్రూ ఫ్రీమన్ అని ఒకాయన ఉండేటోడు. గ్రామీణ విద్యుత్ సహకార సంఘానికి మేనేజర్. ఊర్లకు కరెంటు ఇచ్చే రైతుల సంఘం అన్నట్టు. మా సిరిసిల్ల దిక్కు గూడ 1970 నుంచి కరెంటు సహకార సంఘమే ఇస్తది. మాకు అది 'సెస్'. గందుకే ఆ పేరు వినంగనే సొంతోడిని చూసినట్టు అనిపించింది.

ఈ ఫ్రీమన్ ఇంజన్ హెడ్డును బిగించే బోల్టులల్ల ఒకటి తీసి, దాని జాగల వేడెక్కే బోల్టు పెట్టే ఉపాయం చేసిండు. 1949 నవంబర్ 8న దానికి పేటెంట్ వచ్చింది. దాన్ని 'హెడ్ బోల్ట్ హీటర్' అన్నరు. తర్వాత హీటర్ బోల్టు జాగ ఇడిచి కూలెంట్‌లకు పోయింది గని, ఆ దిక్కు పెద్దమనుషులు ఇప్పటికీ పాత పేరే పిలుస్తరు.

అంతకుముందు ఎట్ల చేసేటోళ్లు? రాత్రి ఇంటికి రాంగనే ఇంజన్ ఆయిల్ మొత్తం దించి, డబ్బాల ఇంట్లకు తెచ్చి, పొద్దుగాల పొయ్యి మీద వెచ్చచేసి మళ్ల పోసేటోళ్లు. కొందరు బండి కింద నిప్పుల గిన్నె పెట్టేటోళ్లు. కొందరు రాత్రిల రెండు మూడుసార్లు లేచి బండి స్టార్ట్ చేసి ఆపేటోళ్లు. చలి ఉన్న జాగలల్ల ప్రతి మనిషికీ తెలిసిన సంగతి ఒక్కటే: ఇంజన్‌కు వేడి ముందుగాల్నే కావాలె.

ఎప్పుడు పెట్టాలె, ఎంతసేపు పెట్టాలె

ఇగ అసలు పనికొచ్చే ముచ్చట్లు.

మైనస్ 15 కిందికి పోతుందంటే ప్లగ్గు పెట్టుడు అలవాటు చేసుకోవాలె. మైనస్ 20 దాటితే మర్వనే వద్దు. వాతావరణం వార్తలల్ల 'గాలి చలి' అని ఇంకో అంకె చెప్తరు. మైనస్ 25 ఉంటే మైనస్ 38 లెక్క అనిపిస్తదని. ఆ రెండో అంకె మన చర్మానికి. ఇంజన్‌కు చర్మం లేదు. గాలికి బండి దబ్బున చల్లబడతది గని, బయటి అసలు ఉష్ణోగ్రత కన్న కిందికి పోదు. బండికి మొదటి అంకె చూడుర్రి, మీకు రెండో అంకె చూసుకోండ్రి.

రాత్రంత పెట్టుడు అవసరం లేదు. రెండు మూడు గంటలు చాలు. ఆ తర్వాత హీటర్ ఇచ్చే వేడీ, బయటికి పోయే వేడీ సమానమైతయి. ఇంక ఎంతసేపు పెట్టినా వేడి పెరగది, మీటరే తిరుగుతది. లెక్క చూడుర్రి. 500 వాట్ల హీటర్ రాత్రి పది గంటలు పెడితే 5 యూనిట్లు. మూడు గంటలు పెడితే ఒకటిన్నర. రాత్రికి మూడున్నర యూనిట్లు మిగులు. వంద రాత్రులకు 350 యూనిట్లు. ఒక చిన్న టైమర్ కొంటే తనంతట తనే పొద్దుగాల నాలుగింటికి ఆన్ అయితది, మీరు ఏడింటికి బయలెల్తరు. బయట పెట్టే టైమరే కొనాలె, ఇంట్ల వాడేది మంచుకు పాడైతది.

ఇంజన్ వెచ్చగ లేస్తే ఇంధనం గూడ మిగులుతది. మైనస్ 20 దగ్గర బ్లాక్ హీటర్ వాడితే మైలేజీ 10 శాతం దాకా మెరుగుపడొచ్చని కెనడా ప్రభుత్వ సహజ వనరుల శాఖ చెప్తది. పొగ గూడ తక్కువ. చల్లటి ఇంజన్ సగం కాలని ఇంధనాన్ని పొగగొట్టంలకెల్లి బయటికి నూకుతది. మన ఇంజన్ లేచి వేడెక్కేదాక పొగను శుభ్రం చేసే పరికరం గూడ పనిచేయదు.

వైరు తోనే జాగ్రత్త

మనోళ్లు ఎక్కువ తప్పు చేసేది ఇక్కడనే. గది అద్దె, ఫీజు కట్టినంక చేతుల పైసలు ఉండయి. అగ్గువకు దొరికే సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు కొంటరు. ఆ వైరు గంటల తరబడి హీటర్ కరెంటు మోయలేక వేడెక్కుతది, ప్లగ్గు కరుగుతది, మంట అంటుకున్నా అంటుకోవచ్చు. బయట వాడనీకి తయారుచేసిన, మూడు పిన్నుల, లావు వైరే కొనాలె. అసలు చలికి మామూలు వైరు తొడుగు కర్రలెక్క బిగుసుకొని పగులుతది. చలిల గూడ వంగే రకం వైరు వేరే ఉంటది. దుకాణంల అడిగితే చూపెడతరు. ఎంత పొడుగుంటే అంత లావు ఉండాలె. అవసరానికి మించి పొడుగు కొనొద్దు. చుట్ట చుట్టి వాడొద్దు.

అక్కడి ఇంటి కరెంటు 120 వోల్టులు, మన లెక్క 230 కాదు. ఒక సాకెట్టు లైను సాధారణంగ 15 ఆంపియర్లు మోస్తది. ఒకే లైనుకు ఇద్దరు రూమ్మేట్లు రెండు బండ్లు పెట్టి, ఒకడు కారు లోపట ఫ్యాను హీటర్ గూడ పెడితే బ్రేకర్ పడిపోతది. రాత్రి పడింది ఎవరికీ తెల్వదు. పొద్దుగాల రెండు బండ్లూ లేవయి. పడుకునే ముందు టైమర్ లైటు ఎలుగుతుందా లేదా చూసుకోవాలె.

కొన్ని పెద్ద పార్కింగులల్ల కరెంటు పొదుపు కోసం సాకెట్లకు కొద్దిసేపు కరెంటు ఇచ్చి, కొద్దిసేపు బంద్ పెడతరు. అది చూసి పాడైందని వైరు పీకొద్దు.

ఇంకొకటి. పొద్దుగాల తొందరల వైరు తీయకుండనే బండి ఉరికిస్తరు. వైరు తెగుతది, సాకెట్టు ఊడుతది. నేను ఒకసారి చేసిన. అప్పటినుంచి ప్లగ్గు పెట్టంగనే డ్రైవర్ దిక్కు అద్దానికి వైరు ఒక చుట్టు చుట్టి పెడుతున్న. తలుపు తీయంగనే కనపడతది.

హీటర్ చేయలేని పనులు

హీటర్ ఉన్నది కదా అని నిమ్మళంగ ఉండొద్దు. ఇది ఇంజన్‌ను వెచ్చచేస్తది, అంతే. ముసలి బ్యాటరీని పడుచు బ్యాటరీ చేయది. చలికాలం రాకముందే బ్యాటరీ పరీక్ష చేయించుకోవాలె. పూర్తిగ దిగిన బ్యాటరీ లోపట ఆసిడు నీళ్లు గడ్డకట్టి డబ్బానే పగులుతది. గడ్డకట్టిన బ్యాటరీకి బూస్టర్ పెట్టొద్దు, అది పేలొచ్చు.

ఆయిల్ గూడ చూసుకోవాలె. డబ్బా మీద 0W, 5W, 15W అని ఉంటది. ఆ డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. ఆ అంకె ఎంత చిన్నగుంటే చలిల అంత పలచగ ఉంటది. మన ట్రాక్టర్లల్ల పోసే 15W-40 మన ఎండలకు మంచిదే గని, మైనస్ 30ల పనికిరాది.

కూలెంట్ సంగతైతే ఇంకా గట్టిగ చెప్పాలె. మన దగ్గర రేడియేటర్ల ఉట్టి నీళ్లు పోసేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. అక్కడ ఆ పని చేస్తే ఒక్క రాత్రికే నీళ్లు గడ్డకట్టి, ఉబ్బి, ఇనుప బ్లాకు పగులుతది. కూలెంట్ మందు సగం, నీళ్లు సగం కలిపితే సుమారు మైనస్ 37 దాకా ఆగుతది. తగ్గిందని చలికాలంల ఉట్టి నీళ్లు కలుపొద్దు.

ట్యాంకుల డీజిల్‌ల మైనం కట్టిందంటే దానికి గూడ బ్లాక్ హీటర్ ఏం చేయది. అది ఇంజన్ దగ్గర, ట్యాంకు ఎక్కడనో.

అన్నిటికన్న పెద్ద ముచ్చట, మూసిన గ్యారేజీల ఇంజన్ నడిపి వేడిచేసుకునుడు. అట్ల ఎన్నడూ చేయొద్దు. పొగల ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్ర వచ్చినట్టు అనిపించి పాణం పోతది. మంచుల బండి ఇరుక్కున్నా సరే, పొగగొట్టం మంచుతోని మూసుకుపోలేదని చూసినంకనే ఇంజన్ నడపాలె. బండి కింద మంట పెట్టుడు, మరిగే నీళ్లు ఐసు లెక్కున్న ఇంజన్ మీద పోసుడు గూడ వద్దు. ఇనుము పగులుతది.

పాత కారు కొనేటోళ్లు మొదట అడగాల్సిన ప్రశ్న: "బ్లాక్ హీటర్ ఉందా? పనిచేస్తదా?" విన్నిపెగ్ అసొంటి పట్నాలల్ల చాలా బండ్లకు ఉంటది. వెచ్చటి దిక్కుకెల్లి వచ్చిన బండికి ఉండకపోవచ్చు. ఉన్నా లోపట కాలిపోయి ఉండొచ్చు. ప్లగ్గు పెట్టి రెండు గంటలైనంక స్టార్ట్ చేసి చూస్తే ఇంజన్ సప్పుడే చెప్తది.

బాపు అడిగిన మాట

ఆ రాత్రి అయినంక వారం రోజులు ఇంటికి ఫోన్ చేసినా ఈ సంగతి చెప్పలే. అవ్వ బుగులుపడతదని. ఆఖరికి బాపుకు ఒక్కనికి చెప్పిన. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే.

"కొడుకా, సలికాలంల మనం ట్రాక్టర్‌కు నీళ్లు కాగబెట్టి పోసేది మర్చిపోయినవా?"

మర్చిపోయిన. నిజంగనే మర్చిపోయిన.

నా చిన్నప్పుడు డిసెంబర్ నెలల, పొద్దుగాల ఐదింటికి అవ్వ కట్టెల పొయ్యి మీద పెద్ద గిన్నెల నీళ్లు పెట్టేది. అవి మా స్నానానికి కాదు. బాపు ట్రాక్టర్ రేడియేటర్ల చల్లటి నీళ్లు దించి, ఆ గోరువెచ్చటి నీళ్లు పోసి, పది నిమిషాలు ఆగి, చెవి తిప్పేటోడు. బ్యాటరీ కొత్తది కొనే పైసలు లేవు. ఉన్న బ్యాటరీకి బరువు తగ్గియ్యాలె. రాత్రి ట్రాక్టర్ ఎప్పుడు నిలిపినా ఎత్తుగడ్డ మీదనే నిలిపేటోడు, లేవకుంటే దొర్లించి స్టార్ట్ చేయనీకి. ఆ గిన్నె మోసింది నేనే. పదేళ్లు మోసిన. నాలుగేండ్లు ఇంజనీరింగు చదివిన. అయినా మైనస్ 34ల కారు ముక్కుకు వేలాడే ప్లగ్గు చూసి, అవ్వ పొయ్యి మీది గిన్నెనూ దాన్నీ కలుపుకోలేకపోయిన. బాపు చేసేది గతిలేని పని అనుకున్న గని, అందుల సైన్సు ఉన్నదని నేనెన్నడూ అనుకోలే.

తప్పు నా ఒక్కనిదేనా? మన ఊర్లకెల్లి పిల్లలను పంపే కన్సల్టెన్సీలు ఫీజు చెప్తయి, బ్యాంకు బ్యాలెన్సు చెప్తయి, ఇంగ్లిష్ పరీక్షల ఎన్ని మార్కులు రావాలో చెప్తయి. ఆడ దిగినంక చలిల ఎట్ల బతకాలో చెప్పయి. అప్పు చేసి పంపిన అమ్మానాయినలకు తెల్వదు. పోయిన పిల్లలు అడగనీకి నామోషి పడతరు. నేను ఆ వైరు గురించి పక్కింటాయనను ఒక్క మాట అడిగితే అయిపోవు. నవ్వుతడేమో అని అడగలే.

గందుకే చలి దేశం పోయే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు నేను చెప్పేది ఇంతే. దిగినంక మొదటి వారంలనే ఆడ పాతగ ఉంటున్నోళ్లను అడుగుర్రి. బండిల దుప్పటి, లావు చేతి గ్లౌజులు, బూస్టర్ కేబుళ్లు, చిన్న పార పెట్టుకోండ్రి. ఫోను చొక్కా లోపటి జేబుల, ఒంటికి ఆనించి పెట్టుకోండ్రి. ప్లగ్గు పెట్టుకోండ్రి. ఇక్కడనే ఉండేటోళ్లు మీ బాపు ట్రాక్టర్ దగ్గర, మోటర్ దగ్గర చేసే పనిని ఒక్కసారి పక్కన నిలబడి ఎందుకని అడుగుర్రి.

ఆ రోజు ఫోన్‌ల బాపుకు బ్లాక్ హీటర్ అంటే ఏందో మొత్తం వివరంగ చెప్పిన. వాట్లు, కూలెంట్, టైమర్ అన్నీ. అంతా విని "గంతేనా! మీ అవ్వ పొయ్యికి వైరు పెట్టిన్రన్నట్టు" అన్నడు.

అవును బాపు, గంతే.